తక్కువ స్పీడు నలుపు తెలుపు ఫిల్ములను ఇంట్లోనే పోల్చి చూడటం ఎలా

నా మొదటి పోలిక దండగయ్యింది. ఇల్‌ఫర్డ్ పాన్ ఎఫ్ ప్లస్ ఒక రీలు, ఎఫ్‌పీ4 ప్లస్ ఒక రీలు తెచ్చుకున్నాను. మొదటిది ఏప్రిల్ ఎండలో గుడి దగ్గర తీశాను, రెండోది వానాకాలంలో మబ్బు పట్టిన రోజు చెరువు గట్టు మీద. కడిగింది కూడా నెలల తేడాతో. స్కాన్ చేసి చూస్తే 50 ఐఎస్‌ఓ (ఫిల్ము స్పీడు అంకె) పాన్ ఎఫ్‌లోనే గ్రెయిన్ (బొమ్మలో కనిపించే రవ్వలు) ఎక్కువ కనిపించింది. స్పీడు తగ్గితే గ్రెయిన్ తగ్గుతుందన్న మాట ఉత్తిదే అనుకున్నాను. తీరా చూస్తే ఫిల్ము తప్పేమీ లేదు. నేనే ఎక్స్‌పోజర్ ఎక్కువిచ్చి, 28 డిగ్రీల డెవలపర్‌లో (ఫిల్ము కడిగే రసాయనం) 20 డిగ్రీల టైము పెట్టి కడిగాను. నెగటివ్ బొగ్గులా నల్లగా వస్తే అందులో ఏ ఫిల్మయినా రవ్వరవ్వగానే కనిపిస్తుంది.

అందుకే ఈ మార్గదర్శిలో సగానికి పైగా ఫిల్ముల గురించి కాదు, మిగతావన్నీ ఒకేలా ఉంచడం గురించి. వెలుతురు, లెన్సు, డెవలపర్, నెగటివ్ కాంట్రాస్ట్ ఈ నాలుగూ సమానంగా లేకపోతే మీరు పోలుస్తున్నది ఫిల్ములను కాదు, మీ పొరపాట్లను.

గ్రెయిన్ అంటే ఏమిటి, అటుకుల లెక్క ఏమిటి

ఫిల్ము మీద జిలాటిన్ పొరలో సిల్వర్ హాలైడ్ స్ఫటికాలు ఉంటాయి. స్ఫటికం పెద్దదైతే దాని మీద పడే వెలుతురు ఎక్కువ, కాబట్టి ఫిల్ము స్పీడు ఎక్కువ. కడిగాక వెలుతురు తగిలిన స్ఫటికం వెండిగా మారుతుంది. మనం గ్రెయిన్ అని పిలిచేది ఒక్కో స్ఫటికాన్ని కాదు. పొరలో ఒకదాని మీద ఒకటి పడిన వెండి ముద్దలూ, వాటి మధ్య సందులూ కలిసి కనిపించే మచ్చలవి.

పాత పద్ధతి ఫిల్ముల్లో (ఎఫ్‌పీ4 ప్లస్, పాన్ ఎఫ్ ప్లస్) స్ఫటికం బియ్యపు గింజలా మందంగా ఉంటుంది. కొడాక్ 1986లో తెచ్చిన టీ-మ్యాక్స్ రకం ఫిల్ముల్లో అది అటుకులా పలచగా, వెడల్పుగా ఉంటుంది. అదే బియ్యాన్ని అటుకులు కొట్టి పళ్లెంలో పరిస్తే ఎంత ఎక్కువ చోటు కప్పుతుందో ఊహించండి. అంతే వెండితో ఎక్కువ వెలుతురు పట్టుకోవచ్చు, పొర పలచగా ఉంచవచ్చు. ఇల్‌ఫర్డ్ డెల్టా 100 కూడా ఈ కోవలోదే.

ఈ మార్పు వచ్చాక ఐఎస్‌ఓ అంకె చూసి గ్రెయిన్ ఎంతో చెప్పేసే రోజులు పోయాయి. టీ-మ్యాక్స్ 100కు కొడాక్ ఇచ్చిన గ్రెయిన్ కొలత 8, వాళ్లదే పాత పద్ధతి ఫిల్ము ట్రై-ఎక్స్ 400కు 17. అంకె చిన్నదైతే గ్రెయిన్ సన్నం. నా కంటికి టీ-మ్యాక్స్ 100 గ్రెయిన్ పాన్ ఎఫ్ కన్నా సన్నంగానే కనిపిస్తుంది. స్పీడు మాత్రం ఒక స్టాప్ (అంటే రెట్టింపు) ఎక్కువ. మరి 50 ఐఎస్‌ఓ ఫిల్ము ఎవరికి కావాలి? ఆ సంగతి పోలిక అయ్యాక తేలుతుంది.

మొదటి పని: ఏ ఫిల్ములు పోల్చాలో తేల్చుకోవడం

మూడు చాలు. ఐదారు పెట్టుకుంటే ఖర్చు పక్కన పెట్టండి, కడిగే ఓపిక ఉండదు. నా సలహా ఇది: పాన్ ఎఫ్ ప్లస్ (50), డెల్టా 100 లేదా టీ-మ్యాక్స్ 100, వీటి పక్కన కొలబద్దగా ఎఫ్‌పీ4 ప్లస్ (125). ఎఫ్‌పీ4 ఎందుకంటే చాలామందికి అది చేతికి అలవాటైన ఫిల్ము. దాని కన్నా ఎంత మెరుగు అన్నదే అసలు ప్రశ్న.

ఒకప్పుడు ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్లు ‘ఇందు’ పేరుతో మన దేశంలోనే ఫిల్ము చేసేవాళ్లు. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు మనకు దొరికేవన్నీ దిగుమతి రీళ్లే, కాబట్టి ఒక్క ఫ్రేము కూడా వృథా కాకుండా ప్లాన్ వేసుకోవాలి.

అడాక్స్ సీఎంఎస్ 20 గురించి తప్పకుండా ఎవరో ఒకరు చెబుతారు. నిజానికి అది డాక్యుమెంట్లు కాపీ తీసే మైక్రోఫిల్ము జాతి. మామూలు డెవలపర్‌లో కడిగితే జెరాక్స్ కాగితంలా నలుపూ తెలుపే మిగులుతాయి. దానికని చేసిన అడోటెక్ డెవలపర్‌లో కడిగితేనే బూడిద రంగులు వస్తాయి, అప్పుడు కూడా స్పీడు 20 మాత్రమే. గ్రెయిన్ దాదాపు కనిపించదన్నది నిజం. పాలియెస్టర్ బేస్ కాబట్టి రీలు కొసలోంచి వెలుతురు గాజు గొట్టంలో పాకినట్టు లోపలికి పాకుతుంది. నీడలోనే కెమెరాలో వేయాలి. రోలై రెట్రో 80ఎస్‌కూ ఇదే జాగ్రత్త. మొదటి పోలికలోకి మాత్రం వీటిని లాగొద్దు. డెవలపర్ వేరైతే పోలికే చెడుతుంది.

రెండో పని: సీను పేర్చడం

ఊరంతా తిరిగి మంచి దృశ్యం వెతకొద్దు, ఇంటి వరండా చాలు. పొద్దున పదీ పదకొండు మధ్య నేరుగా ఎండ పడకుండా ఆకాశపు వెలుగు మాత్రమే వచ్చే చోటు చూడండి. అక్కడ వెలుతురు అరగంట దాకా పెద్దగా మారదు.

నేను పేర్చుకునేవి ఇవి. రుబ్బురోలు: కొత్తగా కక్కు కొట్టించింది అయితే మరీ మంచిది, నల్లరాతి మీద ఉలి గంట్లు నీడ భాగంలో కనిపిస్తాయా లేదా అన్నది దాంతో తెలుస్తుంది. దాని మీద మడత పెట్టిన తెల్ల తువ్వాలు: నేత కనిపించాలి, తెల్లగా మాడిపోకూడదు. వెనక సున్నం వేసిన ఖాళీ గోడ: గ్రెయిన్ దాక్కోలేనిది ఇక్కడే. చెట్టు ఆకుల్లో, కంకర రోడ్డులో ఎంత గ్రెయిన్ ఉన్నా కంటికి దొరకదు. ఒకే రంగు గోడలోనో ఆకాశంలోనో అయితే ఇట్టే బయటపడుతుంది. గోడకు ఒక దినపత్రిక పేజీ అంటించండి, చిన్న అక్షరాల కోసం. ఒక అరటాకు, ఒక ఎర్ర గుడ్డ పక్కపక్కనే పెట్టండి. ఇంట్లో ఎవరైనా ఓపిగ్గా కూర్చుంటామంటే ఒక మనిషి ముఖం.

ఎర్ర గుడ్డా అరటాకూ ఎందుకో చెబుతాను. కంటికి బొత్తిగా వేరుగా కనిపించే ఈ రెండూ నలుపు తెలుపులో కొన్నిసార్లు ఒకే బూడిద రంగులోకి వచ్చేస్తాయి. ఎంత దగ్గరగా వస్తాయన్నది ఒక్కో ఫిల్ములో ఒక్కోలా ఉంటుంది. ఇల్‌ఫర్డ్ ఆర్థో ప్లస్ (పగటి వెలుతురులో 80) లాంటి ఫిల్ము అసలు ఎరుపును చూడదు. దాంతో ముత్తైదువ ఫొటో తీస్తే నుదుటి కుంకుమ బొట్టు కాటుక చుక్కలా నల్లగా వస్తుంది, పెదాలూ నల్లబడతాయి. ఫుజీ ఆక్రోస్‌కు కూడా ఎరుపు మీద చూపు కాస్త తక్కువే. గ్రెయిన్ ఎంత సన్నమైనా ముఖం ఎలా వస్తుందో చూడకుండా పెళ్లికి తీసుకెళ్లకూడదని నాకు అర్థమైంది ఇలాగే.

మూడో పని: కెమెరా, లెన్సు, ట్రైపాడ్

ఒకే లెన్సు, 50 మి.మీ. అయితే మంచిది. అన్ని ఫిల్ములకూ ఒకే అపర్చర్ (లెన్సు కంత), ఎఫ్/5.6 లేదా ఎఫ్/8. మార్చాల్సింది షటర్ మాత్రమే.

ఎఫ్/16 ఎందుకు వద్దు? చిన్న కంతలోంచి పోయేటప్పుడు వెలుతురు చెదురుతుంది. ఈ చెదరడం వల్ల ఎఫ్/16 దగ్గర ఎంత ఖరీదైన లెన్సయినా మిల్లీమీటరుకు సుమారు 114 గీతల జతలు (నల్లగీత, తెల్లగీత కలిసి ఒక జత) దాటి చూపలేదు. ఎఫ్/5.6 దగ్గర ఆ హద్దు 325 దాకా ఉంటుంది. బాగా కాంట్రాస్ట్ ఉన్న టెస్టు చార్టు మీద టీ-మ్యాక్స్ 100 మిల్లీమీటరుకు 200 చూపగలదని కొడాక్ చెబుతుంది. అంత మంచి ఫిల్మును ఎఫ్/16లో పెట్టి పరీక్షిస్తే ఫిల్ము కన్నా ముందు లెన్సే చేతులెత్తేస్తుంది. ఇక్కడే ఇంకో మాట. అదే ఫిల్ముకు కాంట్రాస్ట్ తక్కువున్న విషయం మీద కొడాక్ చెప్పే అంకె 63 మాత్రమే. మన గోడలూ ముఖాలూ తువ్వాళ్లూ ఈ రెండో లెక్కకే దగ్గర. పెట్టె మీద గొప్పగా వేసే పెద్ద అంకెలు చూసి మురిసిపోకండి.

గట్టి ట్రైపాడ్, కేబుల్ రిలీజ్, మిర్రర్ లాకప్ (కెమెరా అద్దాన్ని ముందే పైకి లేపి ఉంచే ఏర్పాటు) ఉంటే అది. దినపత్రిక అక్షరాల మీద ఫోకస్ చేసి మళ్లీ ఆ రింగు ముట్టుకోవద్దు. కింద నేల మీద ట్రైపాడ్ కాళ్ల చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి.

వరండా నీడలో 50 ఐఎస్‌ఓకు ఎఫ్/5.6 దగ్గర సుమారు 1/50 సెకను వస్తుంది. 20 ఐఎస్‌ఓ అయితే 1/20. దీని మీద పసుపు ఫిల్టర్ పెడితే ఒక స్టాప్, నారింజకు రెండు, ఎరుపుకు మూడు పోతాయి. తక్కువ స్పీడు ఫిల్ము అసలు ఖరీదు డబ్బు కాదు, ఈ షటర్ స్పీడు.

నాలుగో పని: ఫ్రేముల వరస

ప్రతి ఫిల్ముకూ ఒకే వరస, నోటు పుస్తకంలో ముందే రాసి పెట్టుకోండి. తర్వాత గుర్తుంటుందిలే అనుకుంటే ఉండదు.

మొదటి ఫ్రేము లెన్సు మూత పెట్టి, ఖాళీది. రెండోది పెట్టె మీద రాసిన ఐఎస్‌ఓతో సీను. మూడోది ఒక స్టాప్ ఎక్కువ, నాలుగోది రెండు స్టాపులు ఎక్కువ, ఐదోది ఒక స్టాప్ తక్కువ. ఆరోది ట్రైపాడ్ తీసేసి చేత్తో, అదే ఎక్స్‌పోజర్‌తో. ఈ ఆరో ఫ్రేమును ఎగ్గొట్టొద్దు. దాని కథ తర్వాత చెబుతాను.

ఏడు నుంచి పది వరకు ఫిల్ము అసలు స్పీడు తేల్చే పరీక్ష. గోడ ఒక్కటే ఫ్రేము నిండా వచ్చేలా దగ్గరికి వెళ్లండి, ఫోకస్ అనంతానికి పెట్టినా ఫర్వాలేదు. లైట్ మీటరు చూపిన దాని కన్నా నాలుగు స్టాపులు తక్కువ ఇవ్వాలి. పాన్ ఎఫ్‌కు మీటరు 50 దగ్గర ఎఫ్/5.6, 1/60 చూపిందనుకోండి. ఎఫ్/16, 1/125 పెడితే నాలుగు స్టాపులు తగ్గినట్టు. తర్వాత మీటరును 40, 32, 25 దగ్గర పెట్టి ఇదే పని. కడిగాక ఈ నాలుగు ఫ్రేములనూ మూత పెట్టి తీసిన ఖాళీ ఫ్రేము పక్కన పెట్టి చూడండి. ఖాళీ దాని కన్నా కాస్తయినా నల్లగా కనిపించే మొదటి ఫ్రేము ఏ ఐఎస్‌ఓదో, మీ మీటరుకూ మీ డెవలపర్‌కూ ఆ ఫిల్ము నిజమైన స్పీడు అది. నా చేతిలో పాన్ ఎఫ్ 32 దగ్గర ఆగుతుంది. మీకు 40 రావచ్చు, 50 కూడా రావచ్చు.

మిగిలిన ఫ్రేములు మీ ఇష్టం. ఎండలోకి వెళ్లి రెండు, రాత్రి వీధి దీపం కింద రెండు తీయండి.

రాత్రి తీస్తే ఒక లెక్క తెలియాలి. సెకను దాటిన ఎక్స్‌పోజర్లలో ఫిల్ము బద్ధకిస్తుంది, మీటరు చెప్పిన టైము చాలదు. ఇల్‌ఫర్డ్ వాళ్ల సూత్రం సులువు: మీటరు టైమును ఒక ఘాతానికి హెచ్చించాలి. ఆ ఘాతం పాన్ ఎఫ్‌కు 1.33, డెల్టా 100కూ ఎఫ్‌పీ4కూ 1.26. ఫోను కాలిక్యులేటర్ చాలు. మీటరు 30 సెకన్లు చెబితే డెల్టాకు సుమారు 73 సెకన్లు, పాన్ ఎఫ్‌కు 92. మీటరు ఒక నిమిషం చెబితే పాన్ ఎఫ్‌కు దాదాపు 3 నిమిషాల 52 సెకన్లు. టీ-మ్యాక్స్ 100కు 10 సెకన్లకు అర స్టాప్, 100 సెకన్లకు ఒక స్టాప్ కలిపితే సరిపోతుంది. ఆక్రోస్ అయితే రెండు నిమిషాల దాకా ఏమీ కలపక్కర్లేదు. ఆ ఫిల్మును ఫుజీ 2018లో ఆపేసి, 2019లో ఆక్రోస్ 2 పేరుతో మళ్లీ తెచ్చింది. రాత్రి ఫొటోలు తీసేవాళ్లు ఊపిరి పీల్చుకున్నది ఈ ఒక్క గుణం వల్లే.

ఐదో పని: కడగడం

మొత్తం పోలిక నిలిచేదీ కూలేదీ ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా.

డెవలపర్ ఒక్కటే ఉండాలి. నా ఓటు ఐడీ-11కు లేదా దాని కవల డీ-76కు. డీ-76 సూత్రం 1927 నాటిది, ఇంట్లోనే కలుపుకోవచ్చు. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, నీరు లేని సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. బోరాక్స్ అంటే కంసాలులు వాడే వెలిగారమే, కానీ ఈ పనికి ల్యాబ్ కెమికల్స్ షాపులో శుభ్రమైనది కొనండి. షాపులో సల్ఫైట్ అని గట్టిగా చెప్పి, సీసా మీద చదివి మరీ తీసుకోండి. సల్ఫేట్ ఇస్తే అంతా నీళ్లపాలు. 750 ఎంఎల్ గోరువెచ్చని కన్నా కాస్త వేడి నీటిలో (50 డిగ్రీలు) ముందు చిటికెడు సల్ఫైట్, తర్వాత మెటాల్ మొత్తం, అది కరిగాక మిగతా సల్ఫైట్, ఆ పైన మిగిలిన రెండూ. సల్ఫైట్ అంతా ముందే వేస్తే మెటాల్ కరగనని మొండికేస్తుంది. చేతికి గ్లవ్స్ వేసుకోండి. మెటాల్ కొందరికి చర్మం మీద దురద తెస్తుంది, ఒకసారి పట్టుకుంటే వదలదు.

ఆ 100 గ్రాముల సల్ఫైట్ ఊరికే లేదు. అది స్ఫటికాల అంచులను కొద్దిగా కరిగిస్తుంది, గ్రెయిన్ మెత్తబడుతుంది, దాంతో పాటు అంచుల పదును కూడా కాస్త పోతుంది. సగం నీళ్లు కలిపి (1+1) వాడితే కరిగించే గుణం తగ్గి పదును పెరుగుతుంది. తక్కువ స్పీడు ఫిల్ములకు ఎలాగూ గ్రెయిన్ బాధ లేదు కాబట్టి నేను 1+1 వాడతాను. 1891 నాటి రోడినాల్ అనే డెవలపర్‌లో ఈ కరిగించే పని దాదాపు లేదు. అందులో గ్రెయిన్ ఉన్నది ఉన్నట్టు, పదునుగా నిలబడుతుంది. పాన్ ఎఫ్‌ను రోడినాల్ 1+50లో ఒకసారి చూడండి, కానీ పోలిక అయ్యాకే.

20 డిగ్రీల దగ్గర ఐడీ-11 1+1లో ఇల్‌ఫర్డ్ చెప్పే టైములు: పాన్ ఎఫ్ ప్లస్ ఎనిమిదిన్నర నిమిషాలు, డెల్టా 100 పదకొండు, ఎఫ్‌పీ4 ప్లస్ కూడా పదకొండే. అంటే డెల్టా, ఎఫ్‌పీ4 రెండు రీళ్లనూ ఒకే ట్యాంకులో కడిగేయొచ్చు. ఇంతకన్నా న్యాయమైన పోలిక ఉండదు.

మరి మన ఊళ్లలో 20 డిగ్రీలు ఎక్కడిది? వేసవిలో ట్యాంకు నీళ్లు 33 దాటే ఉంటాయి. పెద్ద స్టీలు గంగాళంలో నీళ్లు పోసి, అందులో డెవలపర్ సీసా, ఫిక్సర్ (మిగిలిన సిల్వర్ హాలైడ్‌ను తీసేసే రసాయనం) సీసా, కడిగే నీళ్ల సీసాలు అన్నీ నిలబెట్టండి. ఐసు ముక్కలను ప్లాస్టిక్ కవర్లో గట్టిగా ముడేసి గంగాళంలో వేయండి. డెవలపర్‌లోనే ఐసు వేసే మహానుభావులు ఉన్నారు, వాళ్లకు తమ డెవలపర్ ఎంత పలచబడిందో ఎప్పటికీ తెలియదు. 20కి దించలేకపోతే 24 దగ్గర స్థిరంగా ఉంచి టైము తగ్గించండి. పదకొండు నిమిషాలు సుమారు ఏడున్నర అవుతుంది. ఐదు నిమిషాల లోపుకు మాత్రం పోవద్దు, మచ్చలు మచ్చలుగా కడుగుతుంది. ముఖ్యమైనది అంకె కాదు, అన్ని రీళ్లకూ అదే అంకె. డెవలపర్ నుంచి చివరి కడుగు దాకా రెండు మూడు డిగ్రీలకు మించి తేడా రాకూడదు. ట్యాంకు ఊపే తీరు కూడా అన్నిటికీ ఒకటే: మొదటి పది సెకన్లు, ఆ తర్వాత ప్రతి నిమిషం మొదట్లో పది సెకన్లు.

ఫిక్సర్ దగ్గర ఒక మెలిక ఉంది. టీ-మ్యాక్స్, డెల్టా లాంటి అటుకుల ఫిల్ములకు ఫిక్సింగ్ ఎక్కువసేపు పడుతుంది. కెమెరాలో వేసేటప్పుడు కత్తిరించిన చిన్న ముక్కను ఫిక్సర్‌లో వేసి, అది పూర్తిగా పారదర్శకం కావడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. మామూలు ఫిల్ముకు దానికి రెట్టింపు టైము, వీటికి మూడు రెట్లు. టీ-మ్యాక్స్ గులాబీ రంగు తేలి వస్తే కంగారు పడొద్దు. మళ్లీ కొత్త ఫిక్సర్‌లో రెండు నిమిషాలుంచి బాగా కడిగితే పోతుంది. బోరు నీళ్లయితే చివరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తో చేయండి. లేకపోతే గోడ మీద గ్రెయిన్ కాదు, ఉప్పు మచ్చలు పోల్చుకోవాల్సి వస్తుంది.

ఆరో పని: నెగటివ్‌లను సమం చేయడం

చాలామంది వదిలేసేది ఇదే. ఒక నెగటివ్ కాంట్రాస్ట్‌గా, ఇంకొకటి నీరసంగా ఉంటే కాంట్రాస్ట్ ఉన్నదానిలో గ్రెయిన్ ఎక్కువ కనిపిస్తుంది, ఫిల్ము ఏదైనా సరే.

డెన్సిటోమీటర్ (నెగటివ్ నలుపు కొలిచే పరికరం) లేకపోయినా ఫర్వాలేదు. మంచి వెలుతురులో దినపత్రిక మీద నెగటివ్ పరిచి, తెల్ల తువ్వాలు పడిన నల్లటి భాగంలోంచి కింది అక్షరాలు చదవండి. కష్టం మీద చదవగలిగితే సరైన సాంద్రత. అస్సలు కనిపించకపోతే ఎక్కువ కడిగారు, హాయిగా కనిపిస్తే తక్కువ. మూడు ఫిల్ముల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉన్న ఫ్రేములనే పోలికకు తీసుకోండి. అందుకే ఎక్కువ తక్కువ ఎక్స్‌పోజర్లు తీసి పెట్టుకున్నాం. మూడూ సమం కాకపోతే ఒక రీలును మళ్లీ తీసి టైము ఒక నిమిషం అటూ ఇటూ జరపాల్సిందే, వేరే దారి లేదు.

ఈ పనిలోనే మూడో, నాలుగో ఫ్రేములు కూడా చూడండి. కలర్ నెగటివ్‌లో ఎక్స్‌పోజర్ పెంచితే గ్రెయిన్ తగ్గుతుంది. వెండి నలుపు తెలుపులో ఉల్టా: సాంద్రత పెరిగిన కొద్దీ గ్రెయిన్ పెరుగుతుంది. రెండు స్టాపులు ఎక్కువ ఇచ్చిన డెల్టా గోడ, సరిగ్గా ఇచ్చిన ఎఫ్‌పీ4 గోడకు దగ్గరగా వచ్చేస్తుంది. నా మొదటి పోలిక ఎందుకు బోల్తా కొట్టిందో ఈ ఒక్క ఫ్రేములో దొరికింది.

ఏడో పని: చూడటం

పది రెట్ల భూతద్దం, తెల్లటి లైటు. ఫోను తెర మీద నేరుగా నెగటివ్ పెడితే తెర చుక్కలే గ్రెయిన్‌లా కనిపిస్తాయి. మధ్యలో తెల్ల అక్రిలిక్ పలక ఒకటి, కొంచెం ఎత్తులో ఉంచండి.

స్కాన్ చేస్తే దాని హద్దు తెలిసి చేయండి. 24 మెగాపిక్సెల్ కెమెరాకు మాక్రో లెన్సు పెట్టి ఫ్రేమంతా తీస్తే 36 మిల్లీమీటర్లకు 6000 పిక్సెల్స్, అంటే మిల్లీమీటరుకు మహా అయితే 83 గీతల జతలు. సీఎంఎస్ 20కీ టీ-మ్యాక్స్‌కూ ఉన్న తేడా ఆ పైన ఉంటుంది. ఆ స్కాన్‌లో రెండూ ఒకటే అని తీర్పు చెబితే తీర్పు స్కానర్‌దే.

ప్రింటు వైపు నుంచి చూస్తే ఇంకా తమాషా. 8×10 ప్రింటుకు 35 మి.మీ. ఫ్రేమును ఎనిమిదిన్నర రెట్లు పెంచాలి. చేతి దూరంలో పట్టుకుని చూసే ప్రింటులో మిల్లీమీటరుకు ఐదు గీతల జతలు ఉంటే కంటికి పదునుగానే అనిపిస్తుంది. అంటే నెగటివ్‌లో 42 చాలు. అది ఎఫ్‌పీ4కు కష్టం కాదు. 16×20కి వెళ్తే 85 కావాలి. అప్పుడు ఫిల్ము తేడా మొదలవుతుంది. 8×10 దాటని వాళ్లు సన్నని గ్రెయిన్ కోసం పడే టెన్షన్‌లో సగం అనవసరం.

ఇప్పుడు ఆరో ఫ్రేము తీయండి, చేత్తో తీసినది. దినపత్రిక అక్షరాల దగ్గర భూతద్దం పెట్టండి. నాదైతే చేత్తో 1/50లో తీసిన పాన్ ఎఫ్ కన్నా ట్రైపాడ్ మీద తీసిన ఎఫ్‌పీ4 స్పష్టంగా మెరుగ్గా ఉంది, అక్షరాలు విడివిడిగా చదవొచ్చు. ఫిల్ముల మధ్య తేడా వెంట్రుకంత, చేతి వణుకు తేడా వేలంత.

మరీ సన్నని గ్రెయిన్ కావాలంటే ఫిల్ము మార్చే కన్నా 120 సైజుకు (35 మి.మీ. కన్నా వెడల్పైన రోల్ ఫిల్ము) మారడం మేలు. 6×6 నెగటివ్‌ను ఎనిమిది అంగుళాల ప్రింటుకు మూడున్నర రెట్లే పెంచాలి. 120లో ఎఫ్‌పీ4 ముందు 35 మి.మీ. పాన్ ఎఫ్ నిలవదు. హైదరాబాద్‌లో నిజాం కొలువులో ఉన్న రాజా దీన్‌దయాళ్ కాలంలో గాజు పలక నెగటివ్‌నే కాగితం మీద ఆనించి అదే సైజు ప్రింటు తీసేవాళ్లు. పెంచడమే లేనప్పుడు గ్రెయిన్ గొడవెక్కడిది?

నా పుస్తకంలో రాసుకున్నది

టీ-మ్యాక్స్ 100: గోడ అన్నిటిలోకీ శుభ్రంగా వచ్చింది. కానీ కడిగే టైములో తప్పును క్షమించదు, ఒక నిమిషం ఎక్కువైతే తువ్వాలు నేత మాయం. థర్మామీటర్ మీద నమ్మకం లేనివాళ్లకు నేనిది చెప్పను.

డెల్టా 100: గ్రెయిన్ పాన్ ఎఫ్‌తో సమానం, స్పీడు రెట్టింపు. లెక్క ప్రకారం ఇక పాన్ ఎఫ్ పని అయిపోవాలి.

పాన్ ఎఫ్ ప్లస్: అయినా నేను మళ్లీ మళ్లీ కొనేది ఇదే, గ్రెయిన్ కోసం కాదు. మబ్బు రోజున, వాన వెలిసిన సాయంత్రం, మిగతా ఫిల్ములు బూడిద పూసినట్టు ఇచ్చే చోట ఇది నలుపునూ తెలుపునూ విడదీసి నిలబెడుతుంది. అదే గుణం మే నెల మధ్యాహ్నం శాపమవుతుంది: గుడి గోపురం తెల్లగా, మండపం లోపల కాటుకలా. ఎండలో తప్పనిసరైతే 25 లేదా 32 దగ్గర పెట్టి, కడిగే టైము ఐదో వంతు తగ్గిస్తాను.

ఎఫ్‌పీ4 ప్లస్: గోడలో గ్రెయిన్ కనిపించింది. ముఖం మాత్రం అన్నిటికన్నా ఇందులోనే బాగుంది. ఎక్స్‌పోజర్ తప్పినా కడగడం తప్పినా ఏదో ఒకటి చేతికిస్తుంది.

పాన్ ఎఫ్ మీద ఇంకో సంగతి. తీసిన బొమ్మ కడగకుండా ఉంచితే ఇందులో మెల్లగా చెరిగిపోతుంది. మూడు నెలల లోపు కడగమని ఇల్‌ఫర్డ్ వాళ్లే చెబుతారు. సంక్రాంతికి సగం తీసిన రీలును కెమెరాలోనే మరిచిపోయి దసరాకు కడిగాను. ముగ్గులూ గొబ్బెమ్మలూ పొగమంచులో ఉన్నట్టు వచ్చాయి. అంచున కంపెనీ వేసిన ఫ్రేము నంబర్లు కూడా వెలిసిపోయి, వెలుతురుకు పట్టుకుంటే గానీ కనిపించలేదు. ఫ్రిజ్‌లో పెట్టినా బయట పెట్టినా కొత్త రీలు మాట వేరు, తీసిన రీలు మాట వేరు. ఫ్రిజ్‌లోంచి తీసిన రీలును మాత్రం రెండు మూడు గంటలు డబ్బా మూత తీయకుండా బయట ఉంచి తర్వాత వాడండి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది.

ఇప్పుడు నా సంచిలో ఎప్పుడూ ఉండేది ఎఫ్‌పీ4. ట్రైపాడ్ తీసుకెళ్లే రోజున డెల్టా. పాన్ ఎఫ్ అయితే ఆ వారంలోనే తీసి కడిగేస్తానని గట్టిగా అనిపించినప్పుడే పెట్టె చింపుతాను.